తీసి పక్కన పెట్టాలనిపించని తొడుగు

(జాతీయ భద్రతా దినం సందర్భంగా పద్మారావు నగర్‌లో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో మామూలుగా కరవు భత్యం, లైఫ్ సర్టిఫికెట్, మెడికల్ బిల్లులు, ఇవే మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు వేరే పట్టు పట్టారు. 1966లో మార్చి 4న జాతీయ భద్రతా మండలి ఏర్పడింది. ఆ తేదీని ఏటా భద్రతా దినంగా జరుపుకుంటున్నారు కాబట్టి భద్రత మీద ఏదైనా చెప్పమన్నారు. రోడ్డు మీద జాగ్రత్తల గురించి పోలీసువారు చెబుతారు. వంటింటి సిలిండరు గురించి గ్యాసు కంపెనీవారు చెబుతారు. ఎవరూ అంతగా చెప్పని ఒక చిన్న వస్తువును నేను ఎన్నుకున్నాను. అది లేత్ మిషన్ మీద ఎగిరే ఇనుప పొట్టుకు అడ్డంగా వేసే తొడుగు.

జీవితమంతా ఫైళ్లకు ట్యాగులు కట్టిన గుమాస్తాకు లేత్‌తో ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. నా సర్వీసులో కొన్నేళ్ల పాటు కర్మాగారాల ప్రమాదాల కాగితాలు నా బల్ల మీదుగా నడిచాయి. రిటైరయ్యాక మా వీధి చివరి లేత్ షాపులో సాయంకాలాలు కాలక్షేపం చేయడం అలవాటైంది. కాగితం మీద చూసినదీ, షాపులో చూసినదీ రెండూ కలిపి మీ ముందు పెడతాను.

లేత్ అంటే ఏమిటి?

ఆడవారికి, పిల్లలకు కూడా అర్థం కావాలి కనుక మొదటి నుంచి చెబుతాను. కుమ్మరి సారె మీకందరికీ తెలుసు. మట్టి ముద్ద తిరుగుతుంది, కుమ్మరి చేయి కదలకుండా ఉండి ఆకారం తెస్తుంది. ఆ సారెను పక్కకు పడుకోబెట్టినట్లు ఊహించుకోండి. మన భాషలో దీనికి తరిమెన అన్న పాతమాట ఉన్నది. ఏటికొప్పాక లక్కబొమ్మలు ఇలా తిరిగే అంకుడు కర్ర మీదనే తయారవుతాయి. ఇనుము, ఇత్తడి, స్టీలు తిప్పి చెక్కేదే లేత్ మిషన్. తిరిగే వస్తువును పట్టుకునే గుండ్రని ఉక్కు పిడికిలిని చక్ అంటారు. దానికి మూడో నాలుగో దవడలుంటాయి. చక్‌లో బిగించిన వస్తువును జాబ్ అంటారు. చెక్కే ఉలిని టూల్ అంటారు. టూల్ ముందుకూ వెనుకకూ నడిచే బండిని క్యారేజి అంటారు, ఆ బండి జారే పట్టాల దిమ్మను బెడ్ అంటారు.

మన చుట్టుపక్కల పేటలకు ఈ పని కొత్త కాదు. 1943లో మొదలైన ప్రాగా టూల్స్ వారి ఫ్యాక్టరీ మనకు కూతవేటు దూరంలో కవాడిగూడలో ఉండేది. అటు పక్క నిజాం రైల్వే కాలం నాటి లాలాగూడ వర్క్‌షాపు ఉన్నది. పనిముట్ల తయారీ నేర్పే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968లో బాలానగర్‌లో నెలకొన్నది. ఇటువంటి చోట్ల చేయి తిరిగినవారు, వారి దగ్గర పని నేర్చినవారు గల్లీలలో ఒక్కో మల్గి అద్దెకు తీసుకుని ఒక్కో లేత్ పెట్టుకున్నారు. బోరు మోటారు షాఫ్టు అరిగినా, పిండిగిర్నీ బుష్ వదులైనా మనం పరుగెత్తేది అక్కడికే. మనలో కొందరి మల్గీలలోనే ఇటువంటి షాపులు నడుస్తున్నాయి. అందుచేత ఇది మన గడపలోని విషయమే.

పొట్టు రకాలు

టూల్ తగిలినప్పుడు లోహం నుంచి లేచే పొట్టును షాపులలో చిప్స్ అంటారు. మన మనవలు తినే చిప్స్ వేరు. ఇవి కరకరలాడవు, కోస్తాయి. పోత ఇనుము పొట్టు నల్లని పొడిలా రాలుతుంది. ఇత్తడి పొట్టు చిన్న సూదుల్లాగా నాలుగు దిక్కులా చిమ్ముతుంది. మెత్తని స్టీలు పొట్టు మాత్రం పొడవుగా, జిలేబీ చుట్టలాగా రిబ్బనై వస్తుంది. ఆ రిబ్బను అంచు బ్లేడు వంటిది. నీలం రంగు తిరిగి వచ్చిందంటే దాని వేడి సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు చేరిందని తెలిసినవారు చెబుతారు. అది చక్‌కు చుట్టుకుంటే కొరడాలా తిరుగుతుంది. చేత్తో లాగబోతే చేతిని కూడా లోపలికి లాగుతుంది.

గుమాస్తాను కనుక ఒక లెక్క వేశాను. 8 అంగుళాల చక్ నిమిషానికి 600 చుట్లు తిరిగితే, దాని అంచు గంటకు 23 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్లు లెక్క. సైకిలు మీద గట్టిగా తొక్కేవాడి వేగం అది. ఆ అంచు మీద ఉక్కు దవడలు పొడుచుకుని ఉంటాయి. మనిషి ముఖం దానికి రెండడుగుల లోపే ఉంటుంది.

కాగితం చెప్పిన సంగతి

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఈ సంగతులు గుర్తించింది. ప్రమాదకరమైన కదిలే భాగాలకు గట్టి కాపుదల ఉండాలని 21వ సెక్షన్ చెప్పింది. లేత్ హెడ్‌స్టాక్ వెనుక నుంచి బయటికి పొడుచుకు వచ్చే కడ్డీని కూడా ఆ సెక్షన్‌లో పేరు పెట్టి మరీ చేర్చారు. ఎగిరే ముక్కల వల్ల కంటికి ప్రమాదమున్న పనులలో అడ్డుతెరలో, కళ్లద్దాలో ఇవ్వాలని 35వ సెక్షన్ చెప్పింది. చట్టంలో లోపం లేదు.

మరి నా బల్ల మీదికి కాగితాలు ఎందుకు వస్తూ ఉండేవి? విచారణ నివేదికలలో రెండు ప్రశ్నలకు జవాబులు తరచుగా పక్కపక్కనే కనిపించేవి. యంత్రానికి కాపుదల ఏర్పాటు ఉన్నదా? ఉన్నది. ప్రమాద సమయంలో అది దాని స్థానంలో ఉన్నదా? లేదు. ఈ 'ఉన్నది', 'లేదు' అనే రెండు మాటల మధ్యనే వేళ్లు పోయాయి, కళ్లు పోయాయి.

ఒక నివేదిక ఇప్పటికీ నాకు జ్ఞాపకం. షాపు పేరు అప్రస్తుతం. ముప్పై ఏళ్ల టర్నర్ ఇత్తడి జాబ్ తిప్పుతుండగా ముక్క ఎగిరి కంట్లో గుచ్చుకున్నది. నివేదికలో ఒక వాక్యం, 'గార్డు యంత్రము వెనుక గోడకు తగిలించి ఉన్నది' అని. ఆ వాక్యాన్ని ఫెయిర్ కాపీ టైపు చేసింది నేనే. కొన్ని రోజుల తరువాత అతని భార్య చంకలో బిడ్డతో మా సెక్షన్‌కు వచ్చి కాగితం ఎంతవరకు వచ్చిందని అడిగింది. 1923 నాటి నష్టపరిహార చట్టం షెడ్యూలులో ఒక కన్ను పోతే, రెండోది బాగున్నట్లయితే, 40 శాతం సంపాదన శక్తి పోయినట్లు రాశారు. బొటనవేలు పోతే 30 శాతం. ఆ శాతాలు మాకు కంఠతా వచ్చేవి. కానీ వెర్నియర్ మీది సన్నగీతలు చదివి అన్నం తినేవాడికి ఒక కన్ను పోతే మిగిలింది 60 శాతమేనా, ఇంకా తక్కువా అని ఆమె అడిగితే చెప్పగల షెడ్యూలు ఎక్కడా లేదు.

ఆ గార్డు గోడకు ఎందుకు తగిలించారు? యజమాని దుర్మార్గుడు అనుకుంటే అతను డబ్బు పెట్టి గార్డు కొన్నాడు. టర్నర్ నిర్లక్ష్యం అనుకుంటే, తన కన్ను మీద తనకు ప్రేమ లేనివాడు ఎవడుంటాడు? కారణం ఫైలులో దొరకలేదు. రిటైరయ్యాక మా వీధి షాపులో దొరికింది.

చట్టం గీత ఇవతల

అంతకన్నా ముందు ఇంకొక మాట. పాత ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కరెంటుతో నడిచే చోట 10 మంది పనిచేస్తేనే అది మామూలుగా ఫ్యాక్టరీ. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. అందులో ఆ సంఖ్య 20 అయింది. మన గల్లీ లేత్ షాపులో ఉండేది ఇద్దరో ముగ్గురో. పాత గీతకైనా, కొత్త గీతకైనా వారు ఇవతలనే. అక్కడికి ఇన్‌స్పెక్టరు జీపు రాదు. రావాలని కూడా నేను అనడం లేదు. అక్కడ గార్డు ఉండాలంటే వారే చేసుకోవాలి, వారే ఉంచుకోవాలి.

మా వీధి షాపులో జరిగినది

ఆ షాపు యజమాని నలభై దాటినవాడు. తనే టర్నర్. దగ్గర ఐటిఐ పాసైన ఒక కుర్రవాడు పని నేర్చుకుంటున్నాడు. పాత మిషన్, 8 అంగుళాల చక్. దానితో వచ్చిన ఇనుప రేకు గార్డు మూలన బియ్యం డబ్బా మీద మూతగా పడి ఉన్నది. ఎందుకు తీశావని యజమానిని అడిగాను.

"అది ఉంటే జాబ్ కనపడదు సార్" అన్నాడు. "ఒక్క జాబ్‌కు ఇరవైసార్లు మైక్రోమీటర్ పెట్టాలె. ఇరవైసార్లు నట్లు విప్పాల్నా? పెద్ద జాబ్ కడితే దవడలు దానికి తగులుతయ్. చెప్పుండ్రి, ఎట్ల ఉంచాలె?"

నాకు ఎన్నో ఏళ్ల సందేహం తీరింది. అతను చెప్పిన మూడు కారణాలూ న్యాయమైనవే. పని కనబడనివ్వని తొడుగు, కొలత తీసుకోనివ్వని తొడుగు, జాబ్ పట్టనివ్వని తొడుగు ఎంత గట్టిదైనా గోడకే ఎక్కుతుంది. కనుక తొడుగు చేసేటప్పుడు మొదటి కొలత మిషన్‌ది కాదు, దాని ముందు నిలబడే మనిషిది. ఈ రోజు నేను చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే. మిగిలినదంతా దాని వివరణ.

మా మేడ మీది వాటాలో రైల్వే వర్క్‌షాపులో టర్నర్‌గా పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఉన్నారు. ఆయనను కూడా పిలుచుకు వెళ్లాను. ఆయన ముందుగా రేకు కత్తిరించనివ్వలేదు. "ముందు అట్టతో చేద్దామండీ గుమాస్తాగారూ, అట్ట కోస్తే నష్టం లేదు" అన్నారు. మా ఇంట్లో అటక మీద ఉన్న పాత ఫైలు అట్టలు తెచ్చి ఇచ్చాను. నా సర్వీసు మొత్తంలో ఫైలు అట్టలకు అంతకు మించిన సద్వినియోగం నేను చూడలేదు. అట్టలను టేపుతో అతికించి, చక్ మీద పెట్టి, ఆ యజమానిని మామూలుగా పనిచేస్తున్నట్లు నటించమన్నారు. మిషన్ మెయిన్ స్విచ్ ఆపి ఉన్నది. అతని మోచేయి ఎక్కడ తగులుతున్నది, తల ఎటు వంచుతున్నాడు, ఇవన్నీ చూసి అట్టను మూడుసార్లు కత్తిరించారు.

చక్ తొడుగు

మొదటిది చక్ మీద బోర్లించే తొడుగు. చక్ దవడలు బాగా తెరిచినప్పుడు ఎంత పెద్ద చుట్టు తిరుగుతాయో, దాని మీద కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండేలా కొలత తీసుకున్నారు. చక్ కొలత చూసి దవడలను మరచిపోతే తొడుగు మొదటిరోజే దెబ్బ తింటుంది. 18 గేజి రేకును వంచి, అంచులన్నీ లోపలికి మడిచారు. మడవకపోతే కాపాడవలసిన తొడుగే చేయి కోస్తుంది. ముందువైపు కిటికీ కోసి, లోపలి వైపు నుంచి పారదర్శకమైన పాలికార్బొనేట్ పలక బిగించారు.

ఈ పలక గురించి కాస్త వివరంగా చెప్పాలి. బజారులో చూడడానికి ఒకేలా ఉండే రెండు రకాల పలకలుంటాయి. ఒకటి యాక్రిలిక్, రెండోది పాలికార్బొనేట్. యాక్రిలిక్ దెబ్బకు పగిలి ముక్కలవుతుంది, ఆ ముక్కలే మళ్లీ కంటికి ప్రమాదం. పాలికార్బొనేట్ వంగుతుందే తప్ప అంత తేలికగా పగలదు. రాణిగంజ్‌లోనో మరెక్కడో కొనేటప్పుడు అంచు ముక్క ఒకటి అడిగి, దాన్ని గుడ్డలో చుట్టి, పట్టుకారుతో వంచి చూడండి. ఫట్‌మని విరిగితే అది మనకు పనికిరాదు. కారు పోర్టికోలకు వేసే గుల్ల పలక కూడా వద్దు, గట్టి పలకే కావాలి. 6 మిల్లీమీటర్ల మందం బాగుంటుంది. అడుగు చదరం పలక బరువు అరకిలో పైచిలుకు ఉంటుంది, అది మోసేంత గట్టిగా పట్టీలుండాలి.

పలకకు మరలు బిగించే రంధ్రాలు మర కన్నా కొంచెం పెద్దవిగా, అంచుకు దూరంగా వేయాలి. ఎండకూ వేడికీ పలక సాగుతుంది. కింద రబ్బరు వాషరు వేసి, ఊడిపోనంత వరకే బిగించాలి. మర వదులు కాకుండా రాసే జిగురు మందు ఈ పలకకు తగిలితే పగుళ్లు వస్తాయి. థిన్నరు, పెట్రోలు, అసిటోను కూడా అంతే. మెత్తటి గుడ్డ, సబ్బునీళ్లు చాలు. గీతలు పడి మసకబారినప్పుడు, సన్నని పగుళ్లు కనబడినప్పుడు పలక మార్చివేయాలి. మసక పలక ఉంటే టర్నర్ మళ్లీ తొడుగు ఎత్తి పని చేస్తాడు, కథ మొదటికి వస్తుంది.

తొడుగును హెడ్‌స్టాక్‌కు మడతబందు మీద నిలబెట్టారు. మనవైపు వడ్రంగులు దీన్ని కబ్జా అంటారు. హెడ్‌స్టాక్ పోతకు కొత్త రంధ్రం వేయడానికి పెద్దాయన ఒప్పుకోలేదు. లోపల గేర్లు, నూనె ఎక్కడున్నాయో తెలియకుండా డ్రిల్లు దించకూడదట. పైమూతకు ముందే ఉన్న బోల్టులకే పట్టీ తగిలించారు. ఒక్క చేత్తో పైకి ఎత్తితే తొడుగు అక్కడే నిలుస్తుంది, చేతి మీద పడదు. దించితే చప్పుడు లేకుండా దిగుతుంది. నట్టు విప్పే పని లేదు. కొలత తీసుకోవడానికి మిషన్ ఆపడం ఎంతసేపో, తొడుగు ఎత్తడం కూడా అంతసేపే. ఇరవైసార్లు ఎత్తినా విసుగు రాదు.

దీనికి ఒక లిమిట్ స్విచ్ కూడా పెట్టించారు. తొడుగు ఎత్తితే మోటారు ఆగుతుంది. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి. అతనికి రెండు మాటలు గట్టిగా చెప్పాలి. స్విచ్ వైరు తెగినా మిషన్ ఆగాలి గాని నడవకూడదు. తొడుగు దించగానే మిషన్ దానంతట అది మొదలుకాకూడదు, మళ్లీ స్టార్ట్ బటన్ నొక్కితేనే తిరగాలి. ఇంకొక సంగతి, కరెంటు పోయినా చక్ కొన్ని చుట్లు ఊపు మీద తిరుగుతుంది. అది పూర్తిగా ఆగేవరకు చేయి పెట్టకూడదు.

అన్నీ బిగించాక మెయిన్ స్విచ్ ఆపి, దవడలు పూర్తిగా తెరిచి, చక్‌ను చేత్తో నిండు చుట్టు తిప్పి చూశారు. ఎక్కడా తగలలేదని రూఢి అయ్యాకే కరెంటు ఇచ్చారు.

మిగిలిన తొడుగులు

రెండవది క్యారేజి మీది అడ్డుతెర. చక్ తొడుగు చక్‌ను మాత్రమే కప్పుతుంది. టూల్ జాబ్ పొడుగునా నడుస్తున్నప్పుడు పొట్టు అక్కడి నుంచి లేస్తుంది. అందుకని ఒక పాలికార్బొనేట్ పలకను వంచిన కడ్డీ చివర బిగించి క్యారేజికి తగిలించారు. టూల్ ఎక్కడికి పోతే తెర అక్కడికి పోతుంది, టర్నర్ ముఖానికీ టూల్‌కూ మధ్యన ఎప్పుడూ ఉంటుంది. పక్కకు తిప్పితే టూల్ మార్చుకోవచ్చు.

మూడవది వెనుక రేకు. ఇరుకు షాపులో మిషన్ వెనుక నుంచి కస్టమర్లు నడుస్తారు. చాయ్ తెచ్చే పిల్లవాడూ అటే వస్తాడు. పొట్టుకు వారూ వీరూ అన్న భేదం లేదు. బెడ్ వెనుక పొడుగునా 20 గేజి జీఐ రేకు నిలబెడితే సరిపోతుంది. దాని కింది అంచు ట్రే లోపలికి ఉండాలి, అప్పుడు పొట్టు, కూలెంటు నీరు ట్రేలోకే దిగుతాయి.

నాలుగవది చట్టం పేరు పెట్టి చెప్పిన వెనుక కడ్డీ. పొడవాటి కడ్డీని హెడ్‌స్టాక్ గుండా దూర్చినప్పుడు వెనుక పొడుచుకు వచ్చిన భాగం వేగానికి ఒక్కసారిగా వంగి కర్రసాము చేస్తుంది. స్టాండు మీద నిలబెట్టిన గొట్టంలో ఆ భాగమంతా ఉండేలా చూడాలి. గొట్టం లేనినాడు కడ్డీని కోసి చిన్నది చేసుకోవాలి.

అయిదవది మనిషికి కాదు, మిషన్‌కు. పొట్టు బెడ్ పట్టాల మీద, క్రాస్ స్లైడ్ మరలోకి చేరితే మిషన్ అరుగుతుంది. ముఖ్యంగా పోత ఇనుము పొడి నూనెతో కలిసి ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. క్యారేజి నాలుగు మూలలా బెడ్‌ను తుడుస్తూ పోయేలా ఫెల్టు ముక్కలు పెట్టి, వాటిని నూనెతో తడిపి ఉంచాలి. క్రాస్ స్లైడ్ వెనుక భాగం మీద మెత్తని రబ్బరు పట్టీ కప్పవచ్చు, పాత లారీ ట్యూబు ముక్క చాలు. దాని అంచులు తిరిగే భాగాల వైపు వేలాడకుండా పట్టీతో నొక్కి ఉంచాలి. ఈ తొడుగు వల్ల యజమానికి కనబడే లాభముంది. మిషన్ కొలత చాలాకాలం నిలుస్తుంది. మనిషి కోసం పెట్టమంటే ఆలోచించే యజమాని కూడా మిషన్ కోసం పెట్టమంటే వెంటనే పెడతాడు. మనం ఆ ద్వారం గుండా ప్రవేశించి మిగతా నాలుగూ పెట్టించవచ్చు.

తొడుగు చేయలేని పని

తొడుగు ఉన్నదని ధీమా పడకూడదు. ఇంట్లో చేసిన తొడుగు పొట్టును ఆపుతుంది, నీటి చిందులను ఆపుతుంది, చేయి పొరపాటున లోపలికి పోకుండా ఆపుతుంది. చక్ నుంచి ఊడి ఎగిరిన బరువైన జాబ్‌నో, దవడనో ఆపుతుందని నమ్మరాదు. చక్‌లో తాళంచెవిలాంటి చక్ కీ మరచి స్టార్ట్ నొక్కితే అది తూటాలా వస్తుంది. చక్ కీ చేతిలో నుంచి దిగేది దాని స్టాండులోకే అని అలవాటు చేయాలి. స్ప్రింగు ఉన్న కీ అయితే చేయి వదలగానే దానంతట అదే బయటికి వస్తుంది.

కళ్లద్దాలు తొడుగు ఉన్నా పెట్టుకోవాలి. మనం పేపరు చదివే అద్దాలు వాటికి బదులు కావు. లేత్ తిరుగుతుండగా చేతికి గ్లవ్స్ వద్దు, అవి చుట్టుకుంటే చేయి వెంట పోతుంది. వదులు చొక్కా చేతులు, మెడలో కండువా, వేలికి ఉంగరం, మణికట్టుకు మొలతాడు లాంటి దారాలు, ఇవేవీ వద్దు. పొట్టును మిషన్ ఆపాక కొక్కెంతోనో బ్రష్‌తోనో తీయాలి. గాలి గొట్టంతో ఊదితే అది కళ్లలోకీ పోతుంది, పట్టాల సందుల్లోకీ పోతుంది.

మన వంతు ఏమిటి?

మా వీధి షాపులో ఆ తొడుగు ఇంకా మిషన్ మీదనే ఉన్నది. బియ్యం డబ్బాకు వేరే మూత కొన్నారు. యజమాని దాన్ని ఇప్పుడు నా తొడుగు అంటాడు, మీ తొడుగు అనడు. నాకు తృప్తి కలిగించింది ఆ మాటే. పై నుంచి దిగిన వస్తువైతే గోడకు ఎక్కేది. తన మోచేతి కొలతతో అయింది కనుక నిలిచింది. మన ఆఫీసులలో కూడా ఎన్ని ఫారాలు, ఎన్ని రిజిస్టర్లు పనిచేసేవాణ్ణి అడగకుండా ప్రవేశపెట్టి, తరువాత బీరువాలలో పేర్చారో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక మనం చేయగలిగినవి మూడున్నాయి. మల్గి అద్దెకిచ్చినవారు అద్దె తీసుకునే రోజున ఒక్కసారి లోపలికి తొంగిచూడండి. గార్డు మూలన పడి ఉంటే ఎందుకు పెట్టలేదని గద్దించకండి. అది నీకు ఏ పనికి అడ్డం వస్తున్నది నాయనా అని అడగండి. జవాబులోనే కొత్త తొడుగు కొలతలన్నీ ఉంటాయి. రెండు, మీ ఇంట్లో మనవడో, బంధువుల పిల్లవాడో ఐటిఐలో టర్నర్, మెషినిస్టు ట్రేడు చదువుతుంటే, పండుగకు ఇచ్చే డబ్బుతో పాటు ఒక మంచి రక్షణ కళ్లద్దాల జత కొనివ్వండి. మూడు, మన సభ్యులలోనూ ఇరుగుపొరుగులోనూ వర్క్‌షాపులలో చేయి తిరిగిన పెద్దలున్నారు. వారు వారానికి ఒక సాయంత్రం ఇటువంటి షాపులో కూర్చుంటే చాలు, ముప్పై ఏళ్ల అనుభవం వృథా కాదు. నావంటివారు అట్టలు సమకూర్చగలరు.

టైపు చేసిన నివేదిక పోయిన కన్నును తిరిగి తేలేదు. ముందుగా అడిగిన ఒక్క ప్రశ్న కన్ను పోకుండా ఆపవచ్చు. రిటైరైన వారికి ప్రశ్న అడిగే తీరిక ఉంటుంది, పెద్దవారు గనుక ఎదుటివారు జవాబు చెప్పే గౌరవమూ ఇస్తారు. ఈ రెంటినీ వినియోగంలో పెట్టాలని కోరుతున్నాను.